నేపాల్ భూకంపం తర్వాత మా హాస్టల్లో గడిచిన రోజులు

అప్పట్లో నేను విశాఖపట్నంలో ఒక యూనివర్సిటీలో పాఠాలు చెప్తూ, విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే బాధ్యతలో కూడా ఉండేదాన్ని. బాధ్యత అంటే అడ్మిషన్ కాగితాలు, పోలీసు రిజిస్ట్రేషన్, హాస్టల్ గదులు, మెస్ బిల్లులు, జ్వరమొస్తే ఆసుపత్రి. ఆఫ్రికా దేశాల పిల్లలు ఎక్కువ. నేపాల్ వాళ్లు ఓ ఇరవై మంది దాకా ఉండేవారు. 1950 నాటి ఒప్పందం వల్ల నేపాలీలకు మన దేశంలో ఉండటానికి వీసా అక్కర్లేదు. అందుకే వాళ్ల ఫైళ్లతో మాకు పెద్దగా పని పడేది కాదు. పప్పన్నం వేళకి అందరికంటే ముందు మెస్సుకొచ్చే పిల్లలు, అంతే మాకు తెలిసింది.

2015 ఏప్రిల్ 25, శనివారం. నేపాల్ టైముకి 11 గంటల 56 నిమిషాలు, మన టైముకి 11:41. గోర్ఖా జిల్లాలో బార్పాక్ దగ్గర భూమి కంపించింది. తీవ్రత 7.8. మధ్యాహ్నం అయ్యేసరికి హాస్టల్ టీవీ గది నిండిపోయింది. కాఠ్మాండూ నడిబొడ్డున ఉండే ధరహరా గోపురం కూలిపోయి మొదలు మాత్రమే మిగిలిన దృశ్యాన్ని మళ్లీ మళ్లీ చూపిస్తున్నారు. ప్రతి పిల్లాడి ఫోన్లోనూ దాని ముందు నిలబడి దిగిన ఫొటో ఉంది. ఎవరూ ఏడవడం లేదు. అందరూ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, కట్ చేసి, మళ్లీ కలుపుతున్నారు.

టీవీలో కాఠ్మాండూ తప్ప ఇంకేం కనిపించడం లేదు. కానీ మా పిల్లల్లో కాఠ్మాండూ వాళ్లు కొద్దిమందే. అందుకని ముందు నేపాల్ మ్యాపు ఒకటి ప్రింట్ తీయించి గోడకి అంటించి, ఎవరిది ఏ జిల్లానో, ఊళ్లో ఎవరెవరు ఉన్నారో రాసుకున్నాం. ఆ కాగితమే తర్వాతి నెలంతా మాకు ఆధారమైంది. బిరాట్‌నగర్, జనక్‌పూర్ పిల్లలకి సాయంత్రానికల్లా ఇళ్లతో మాటలు కలిశాయి. గోర్ఖా, సింధుపాల్‌చోక్, నువాకోట్ పిల్లలకి కలవలేదు. మాట కలిసినవాళ్లని కలవనివాళ్ల పక్కన గదికొకరు చొప్పున ఉండమన్నాం. వాళ్ల భాషలో మాట్లాడే మనిషి రాత్రంతా పక్కన ఉండటం కంటే మేం ఇవ్వగలిగింది ఆ రోజుకి ఏమీ లేదు.

ఫోన్ల విషయంలో మాకు తెలిసినది కొంత ఉంది. అంతకు ఆరు నెలల ముందే, 2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ తుఫాను మా ఊరిని విరిచేసి వెళ్లింది. టవర్లు పడిపోయి, కరెంటు లేక, మా వాళ్లు బతికున్నారో లేదో బయటి ఊళ్లలోని బంధువులకి తెలియని రోజులు మేమూ చూశాం. అలాంటప్పుడు కాల్ కలవకపోయినా మెసేజ్ ఎప్పుడో ఒకప్పుడు చేరుతుందని, దెబ్బ తిన్న ఊరికి కాకుండా దూరంగా ఉన్న బంధువుకి ఫోన్ చేస్తే కబురు దొరుకుతుందని అప్పుడే తెలిసింది. నేపాల్ ఇళ్లల్లో ఎవరో ఒకరు ఖతార్‌లోనో మలేషియాలోనో పనిలో ఉంటారు. సగం మంది పిల్లలకి ఇంటి కబురు ఖతార్ నుంచే వచ్చింది. నేపాల్‌కి కాల్స్ ఎయిర్‌టెల్ 48 గంటలు ఉచితం చేసింది, బీఎస్ఎన్ఎల్ మూడు రోజులు లోకల్ రేటుకే ఇచ్చింది. ఆఫీసు ల్యాండ్‌లైన్ కూడా రాత్రీ పగలూ పిల్లలకే వదిలేశాం.

హుద్‌హుద్ గురించి ఇంకొక్క మాట చెప్పాలి. ఆ తుఫాను తర్వాత క్యాంపస్‌లో నడవడానికి దారి లేదు, ఎటు చూసినా పడిన చెట్లే. మోటార్లు ఆడక హాస్టళ్లలో చుక్క నీరు లేదు. ఈ నేపాల్ పిల్లలే ట్యాంకర్ దగ్గర నిలబడి బకెట్లతో మూడో అంతస్తు దాకా నీళ్లు మోశారు, ఆడపిల్లల హాస్టల్‌కి కూడా. కొండ ఊళ్ల పిల్లలు, మోత అలవాటేనని నవ్వేవారు. మాకు అది గుర్తుంది. మెస్ అక్కలకి ఇంకా బాగా గుర్తుంది.

రెండో రోజు, ఆదివారం, ఇంకో గోల మొదలైంది. చంద్రుడు తలకిందులుగా ఉదయిస్తాడట, నాసా చెప్పిందట, ఇంతకంటే పెద్ద భూకంపం ఫలానా టైముకి వస్తుందట. వాట్సాప్‌లో ఒకటే మెసేజ్‌లు. నేపాల్‌లో నిజంగానే పెద్ద ప్రకంపనలు ఆగకుండా వస్తున్నాయి, అందుకని పిల్లలు ఆ అబద్ధాల్ని కూడా నమ్మేశారు. ఇళ్లకి ఫోన్ చేసి అమ్మానాన్నల్ని ఇంకా భయపెడుతున్నారు. మా జియోఫిజిక్స్ మాస్టారు ఒకరు ఆ సాయంత్రం హాస్టల్‌కి వచ్చి, వరండాలో పిల్లల మధ్య కూర్చున్నారు. భారత ఫలకం ఉత్తరం వైపు ఆసియా కిందికి తోసుకుపోతూ ఉంటుందని, అక్కడ పేరుకున్న ఒత్తిడి ఒక్కసారిగా విడిపోవడమే శనివారం జరిగిందని కాగితం మీద గీసి చూపించారు. తేదీ, టైము చెప్పి భూకంపం వస్తుందనగలిగే మనిషి లోకంలో ఎవరూ లేరని గట్టిగా చెప్పారు. పెద్ద కంపం తర్వాత చిన్నవి వారాలు, నెలల పాటు వస్తాయని, వాటిలో ఒకటి పెద్దదిగా కూడా ఉండొచ్చని దాచకుండా చెప్పారు. ఒక పిల్ల అడిగింది: "అయితే మా అమ్మని ఇంట్లోకి వెళ్లమనాలా, వద్దా సార్?" ఆయన గోడలు బీటలు వేశాయా అని అడిగి, వేశాయంటే "బయటే పడుకోమను తల్లీ" అన్నారు. ఆ రాత్రి పిల్లలు కాస్త నిద్రపోయారు. ఊరికే ధైర్యం చెప్పే మాటలు మేం ఎన్నో చెప్పాం. ఆయన చెప్పినది భయపెట్టేదే అయినా నిజం కాబట్టి పనికొచ్చింది.

మంగళవారం నాడు సింధుపాల్‌చోక్ కుర్రాడికి కబురొచ్చింది. వాళ్ల నాన్న పోయారు. ఆ జిల్లాలో 3,500 మందికి పైగా పోయారు, ఏ జిల్లాలోనూ అంత మంది పోలేదు. రాతి గోడలు, మట్టి మెత్తిన ఇళ్లు. పశువులకి మేత వేయడానికి కొట్టంలోకి వెళ్లిన మనిషి మీద గోడ పడింది. అన్న ఖతార్‌లో ఉన్నాడు. చిన్నాన్నే దహనం చేసేశాడు. కుర్రాడు బయల్దేరతానని బ్యాగ్ సర్దుకున్నాడు. చిన్నాన్న ఫోన్లో వద్దన్నాడు. కొండచరియలు పడి రోడ్డు మూసుకుపోయింది, ఊళ్లో తినడానికి తిండి లేదు, పడుకోవడానికి చోటు లేదు, నువ్వొస్తే నీకు కూడా మేమే వెతుక్కోవాలి అన్నాడు. స్పీకర్‌లో మేమూ విన్నాం. కఠినంగా అనిపించినా ఆయన అన్నది నిజమే.

వాళ్ల ఆచారం ప్రకారం తండ్రి పోతే కొడుకు పదమూడు రోజులు కిరియా కూర్చోవాలి. తల గొరిగించుకుని, కుట్టని తెల్లబట్ట కట్టుకుని, ఎవరూ తాకకుండా వేరుగా ఉండాలి. ఒక్కపూట తానే వండుకుని తినాలి, ఉప్పు లేకుండా. ఇదంతా హాస్టల్లో ఎలా? మేం ఎవరం దాని గురించి తెలిసినవాళ్లం కాదు, ఆ కుర్రాడికి పంతొమ్మిదేళ్లు, వాడికీ పూర్తిగా తెలియదు. అప్పుడు పిల్లల్లో ఒకరు ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని తీసుకొచ్చారు. దోలఖా జిల్లా ఆయన. మా ఊళ్లో ఇరవై ఏళ్లుగా ఉన్నారు, తెలుగు మనలాగే మాట్లాడతారు. పిల్లలు ఆయన్ని కాకా అంటారు.

ఆయన గది చూసి, మంచం తీసేయమన్నారు. గడ్డి దొరకదు కాబట్టి చాప చాలన్నారు. "ఆ బాబు గిన్నె ఎవరూ ముట్టకండి మేడమ్. ఉప్పు మాత్రం పొరపాటున కూడా పెట్టకండి" అన్నారు. మెస్‌లో వంట చేసే అక్క కొత్త గిన్నె, చిన్న గ్యాస్ పొయ్యి, బియ్యం, నెయ్యి తెచ్చి గుమ్మం బయట పెట్టి, "మా ఇళ్లల్లోనూ పెద్దకర్మ అయ్యేదాకా ఇంతే కదమ్మా" అంది. ఆమెకి ఎవరూ ఏమీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. పొద్దున్నే స్నానం సముద్రంలో చేస్తానన్నాడు కుర్రాడు. ఆర్కే బీచ్‌లో అలలకి ఎంతమంది కొట్టుకుపోయారో మాకు తెలుసు, నేను ఒప్పుకోలేదు. చివరికి కాకా మధ్యేమార్గం చెప్పారు: అల వచ్చి తాకే చోట కూర్చుని చెంబుతో పోసుకోవడం. రోజూ తెల్లవారుజామున డ్యూటీ దిగి ఆయనే వచ్చేవారు, వెంట ఇద్దరు పిల్లలు వెళ్లేవారు. పక్క గదిలో ఉండే టాంజానియా కుర్రాడు ఆ పదమూడు రోజులూ తన స్పీకర్లో పాట పెట్టలేదు. వాడిని ఎవరూ అడగలేదు.

యూనివర్సిటీ అంటే నాకు ఇప్పటికీ మొదట గుర్తొచ్చేది ఈ మనుషులే. వాళ్లెవరి ఫొటో ఏ పేపర్లోనూ రాలేదు, వాచ్‌మన్ అయితే యూనివర్సిటీ మనిషే కాదు.

సాయం చేస్తామని ఊళ్లో చాలామంది ముందుకొచ్చారు. పాత బట్టల మూటలు రావడం మొదలయ్యాయి. హుద్‌హుద్ అప్పుడు మా ఊరికీ అలాగే వచ్చాయి, వర్షంలో తడిసి ముక్కిపోయాయి. దయచేసి బట్టలు వద్దని నోటీసు పెట్టించాం. నేపాల్‌లో దాదాపు 5 లక్షల ఇళ్లు పూర్తిగా కూలిపోయాయి. జూన్‌లో వానలు మొదలవుతాయి. వాళ్లకి కావాల్సింది తల మీద కప్పు. పిల్లలే ఇళ్లకి ఫోన్ చేసి అడిగి, బరకాలు, నైలాన్ తాళ్లు, టార్చిలైట్లు అని జాబితా రాశారు. పూర్ణా మార్కెట్‌లో చేపల వేటకెళ్లేవాళ్లు కొనే మందపాటి బరకాలు దొరుకుతాయి. కొట్టాయన ఎందుకో కనుక్కుని లాభం లేకుండా ఇచ్చాడు, కట్టలు కట్టడానికి తన మనుషుల్ని కూడా పంపాడు. ఊరికి వెళ్లే పిల్లలు తలో కట్టా పట్టుకుని హావ్‌డా దాకా ఒక బండి, అక్కణ్నుంచి రక్సౌల్‌కి మిథిలా ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. రక్సౌల్ దాటితే బీర్‌గంజ్, అక్కణ్నుంచి ఇళ్లవాళ్లు వచ్చి తీసుకెళ్లేవారు.

ఇక అసలు కష్టం పరీక్షలది. సరిగ్గా సెమిస్టర్ చివర. వెళ్లిపోతే పరీక్ష పోతుంది. తర్వాత రాసుకుంటే మార్కుల మెమోలో సప్లిమెంటరీ అని పడుతుంది, ఫస్ట్ క్లాస్ లెక్కలో, ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో అది వెంటాడుతుంది. ఉండిపోతే మనసు పుస్తకం మీద నిలవదు. మీటింగ్‌లో ఒకాయన, నిబంధన అందరికీ ఒకటే కదా, ఒకరికి సడలిస్తే రేపు ఇంకొకరు అడుగుతారు అన్నారు. నిబంధన కావాలని నేనూ అంటాను. కానీ హుద్‌హుద్‌కి మనం పరీక్షలు వాయిదా వేసుకున్నాం, అప్పుడు మన ఇళ్లు కూలాయి కాబట్టి ఎవరికీ అది సడలింపులా అనిపించలేదు, ఇప్పుడు కూలింది వీళ్ల ఇళ్లు అన్నాను. ఎగ్జామినేషన్ సెక్షన్‌లో ఒక సూపరింటెండెంట్ గారు పాత ఆర్డర్లన్నీ తిరగేసి, ఆ తుఫాను నాటి ఉత్తర్వే తీసి, అదే నమూనాలో నోట్ రాసిచ్చారు. ప్రత్యేక పరీక్ష, మొదటి ప్రయత్నంగానే లెక్క, 75 శాతం హాజరు లేకపోయినా హాల్ టికెట్. సంతకాలకి చాలా తిరిగాం, తిరగాల్సి వచ్చినందుకు కోపం కూడా వచ్చింది. అయినా ఆర్డర్ వచ్చింది.

కొందరు ఉండి పరీక్షలు రాస్తామన్నారు. ఇంట్లో ఉన్నా చేసేదేం లేదు, ఇక్కడైతే చదువైనా సాగుతుందని. మే 12న మధ్యాహ్నం వాళ్లకి పరీక్ష ఉంది. ఆ రోజే మన టైముకి 12:35కి మళ్లీ వచ్చింది, 7.3 తీవ్రతతో, ఈసారి దోలఖా వైపు. హాల్లోకి వెళ్లబోయే పిల్లలు మెట్ల మీద ఆగిపోయారు. హాల్లోకి ఫోన్లు తీసుకెళ్లకూడదు. గోర్ఖా అమ్మాయి వణుకుతూ, రాయను మేడమ్, రాయలేను అంటోంది. చీఫ్ సూపరింటెండెంట్‌తో మాట్లాడి, వాళ్ల ఫోన్లన్నీ నా దగ్గర పెట్టుకుని హాలు బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏ ఫోన్ మోగితే ఆ అమ్మాయికో అబ్బాయికో ఇన్విజిలేటర్ ద్వారా చెప్తానని, రాయడం రాయకపోవడం వాళ్ల ఇష్టమేనని చెప్పాను. ఒక్కొక్క ఫోన్ మీదా పేరు రాసిన చీటీ. మొదట పోఖరా వాళ్లది మోగింది. గోర్ఖా అమ్మాయి ఫోన్ గంట దాటినా మోగలేదు. మోగినప్పుడు నాకు నేపాలీ రాదు, అవతల వాళ్లమ్మకి హిందీ అంతంతమాత్రం. "ఠీక్ ఛ, ఠీక్ ఛ" అన్న ముక్క మాత్రం నాకు అర్థమైంది. తలుపు దగ్గరికి వెళ్లి చెయ్యి ఊపాను. ఆ పిల్ల తల దించుకుని పేపర్ మీద పడిపోయినట్టు రాసింది. పాసైంది.

ఆ రోజు దోలఖాలో కాకా ఇల్లు పూర్తిగా కూలిపోయింది. మొదటిసారి బీటలు మాత్రమే వేసిన ఇల్లు. భార్యా కూతురూ ముందునుంచీ బరకం కింద పడుకుంటున్నారు కాబట్టి బతికారు, మా పిల్లలు పంపిన బరకమే అది. కాకా ఎవరినీ ఏమీ అడగలేదు. కిరియా ముగించుకున్న సింధుపాల్‌చోక్ కుర్రాడే, గుండు మీద ఇంకా వెంట్రుకలు సరిగ్గా రాకుండానే, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ల దగ్గరికి వెళ్లి మాట్లాడాడు. ఆయనకి మూడు నెలల జీతం ముందే ఇప్పించి, ఆయన ఊరెళ్లి వచ్చేదాకా రాత్రి గేటు దగ్గర మా పిల్లలే వంతులవారీగా కూర్చున్నారు. ఎవరి చేతా అడిగించుకోకుండా సాయం చేసిన మనిషికి సాయం అందిందంటే అది ఆ పిల్లల పుణ్యమే.

సంతాప సభ కూడా జరిగింది. బీచ్ రోడ్డులో కొవ్వొత్తులతో నడిచాం, పెద్దలు మాట్లాడారు. అది కూడా కావాలి, ఊరంతా తమతో ఉందని పిల్లలకి ఆ రోజు కంటికి కనిపించింది. కానీ సభ అయిపోయాక పట్టించుకునేవాళ్లు తగ్గిపోతారు. జూలైలో తిరిగొచ్చిన పిల్లల్ని చూస్తే మాకది బాగా తెలిసింది. పై అంతస్తు గదులు వద్దనేవారు. ఫ్యాన్ ఊగినా, కింద లారీ వెళ్లినా లేచి మెట్ల వైపు పరుగెత్తేవారు. సైకాలజీ డిపార్ట్‌మెంట్‌లో హిందీ బాగా వచ్చిన ఒక రీసెర్చ్ స్కాలర్ వారానికోసారి హాస్టల్‌కి వచ్చి కూర్చునేది. కౌన్సెలింగ్ అని బోర్డు పెడితే ఎవరూ రారని, టీ తాగడానికి వచ్చినట్టే వచ్చేది. అడిగినవాళ్లందరికీ కింది అంతస్తులో గదులిచ్చాం, కారణం రాయమనలేదు.

ఒక అమ్మాయి పౌరసత్వ పత్రం, పదో తరగతి సర్టిఫికెట్ ఇంటి శిథిలాల్లో పోయాయి. మా దగ్గరేమో స్కాలర్‌షిప్ రెన్యువల్‌కి ఒరిజినల్స్ చూపించమంటారు. అడ్మిషన్ అప్పుడు తీసుకున్న అటెస్టెడ్ జిరాక్సులు మా ఫైల్లోనే ఉన్నాయి. వాటి మీదే యూనివర్సిటీ ధ్రువీకరణ ఇచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆమె తండ్రి జిల్లా కార్యాలయంలో కొత్త పత్రం కూడా తీయించుకోగలిగారు. అప్పటి నుంచి విదేశీ విద్యార్థుల కాగితాలన్నీ స్కాన్ చేసి రెండు చోట్ల ఉంచమని ఆఫీసులో పట్టుబట్టి చేయించాను.

2023 నవంబర్ 3 రాత్రి నేపాల్ పశ్చిమాన జాజర్‌కోట్‌లో భూకంపం వచ్చి 150 మందికి పైగా పోయారు. అప్పటికి నేను ఆ బాధ్యతల్లో లేను. కొత్తగా వచ్చిన మేడమ్ మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి ఏం చేయమంటారండీ అని అడిగారు. ఎవరిది ఏ జిల్లానో రాసుకోండి, ఖతార్‌లో అన్నదమ్ములున్నారేమో అడగండి, పరీక్షల సెక్షన్‌లో 2015 నాటి ఆర్డర్ ఉంటుంది, దాని కాపీ నా దగ్గర కూడా ఉంది, పంపిస్తానన్నాను. పంపించాను. జాజర్‌కోట్ పక్కనే ఉన్న రుకుమ్ నుంచి ఒక అబ్బాయి ఉన్నాడని, ఇంటితో ఇంకా మాట కలవలేదని, గదిలో తోడుగా ఇద్దరిని ఉంచామని సాయంత్రం ఆవిడే మళ్లీ ఫోన్ చేసి చెప్పారు. రాత్రి తొమ్మిదికి మెసేజ్ వచ్చింది: ఇల్లు పోయింది, మనుషులు క్షేమం, ఊరికి టికెట్ తీస్తున్నాం అని.